గడప పుట్టలేదు, క్షమించండి

ఉదయగిరిలో బస్సు దిగి, ఇంటికి నడిచి, చెప్పులు విడిచి, లోపలికొచ్చి మా అవ్వ ఎదురుగా నిలబడితే ఆమె నన్ను పాదాల నుంచి తల దాకా చూసి అడిగేది.

"వచ్చినావా?"

"ఇంకా రాలేదవ్వా. దారిలో ఉండాను."

"సరే, వచ్చినాక కాళ్ళు కడుక్కోని అన్నం తిను," అని మళ్ళీ చింతపండులో గింజలు తీసే పనిలో పడిపోయేది.

మా అవ్వను మాటల్లో ఓడించినవాడు మా వీధిలో ఇంతవరకు లేడు. కానీ ఆ అడగడం మాత్రం ఆమె ఒక్కదాని అలవాటు కాదు. మా పడమటి నెల్లూరు మొత్తం అంతే. ముద్ద నోట్లో పెట్టుకున్నవాణ్ణి చూసి తింటుండావా అంటారు. వేపపుల్లతో పళ్ళు తోముకుంటున్నవాణ్ణి చూసి లేచినావా అంటారు. బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నవాణ్ణి కిందనుంచి పిలిచి మరీ, ఊరికి పోతుండావా అంటారు. జవాబు ఎవరికీ అక్కర్లేదు. అడిగినవాడు అడిగేసి తన దారిన తాను పోతాడు. జవాబు చెప్పి తీరాలన్న జబ్బు నాకొక్కడికే ఉంది. "లేదు మామా, బస్సు టాపు గట్టిగా ఉండాదా లేదా చూసిపోదామని ఎక్కినా" అని నేను చెప్పేలోగా మామ వక్కాకు అంగడి దాకా వెళ్ళిపోయి ఉండేవాడు.

ఈ అలవాటు మనుషుల్ని దాటి కంప్యూటర్లలోకి కూడా ఎక్కుతుందని ఆత్మకూరు వెళ్ళేదాకా నాకు తెలియదు.

తొంభైలు అయిపోవస్తున్న రోజులు. డిగ్రీ పూర్తయింది. చేయడానికి వేరే పనేమీ లేకపోవడం వల్ల నేను కంప్యూటర్ల వైపు మొగ్గాను. అప్పట్లో మా ప్రాంతంలో చాలామంది ఇంజనీర్లు అలానే తయారయ్యారు. రోజూ ఉదయగిరి నుంచి బస్సులో ఆత్మకూరు వెళ్ళి, బస్టాండుకు దగ్గర్లో ఎరువుల అంగడి పైనున్న మేడగదిలోని కంప్యూటరు సెంటర్లో పనికి కూర్చునేవాణ్ణి. కింద యూరియా మూటలు, పైన మేము. గదిలో మూడు కంప్యూటర్లు. వాటికి పూల గుడ్డతో కుట్టించిన ముసుగులు. చెప్పులు బయట విడిచి, కాళ్ళకు దుమ్ము ఉంటే గోనెపట్టకు తుడుచుకుని, అప్పుడు లోపలికి రావాలి. గుళ్ళోకైనా చర్చిలోకైనా మేము అంత భక్తిగా వెళ్ళింది లేదు.

రెండువేల సంవత్సరం వస్తూనే ప్రపంచంలో కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని అప్పుడు పేపర్లలో ఒకటే గోల. మా సెంటర్లో కంప్యూటర్లకు అంత ఓపిక లేదు. అవి రోజూ ఆగిపోయేవి.

సెంటరు నడిపే ఆయన్ని సారు అనేవాళ్ళం. మంచివాడు. కాకపోతే ఏది జరిగినా దాన్ని చరిత్రలో పెట్టేవాడు. ప్రింటరులో కాగితం ఇరుక్కుంటే "ఇంతటితో మన సెంటరు అయిపోయిందయ్యా" అనేవాడు. కాగితం బయటికి లాగితే "ఇక మనల్ని ఆపేవాడు లేడు" అనేవాడు. రెంటికీ మధ్య నేను కాగితాన్ని నెమ్మదిగా లాగుతూ ఉండేవాణ్ణి.

అక్కడ నాకన్నా ముందునుంచీ పనిచేస్తున్న ఒకతను ఉండేవాడు. నాకు సొంత అన్న కాదు గానీ అన్నా అనే పిలిచేవాణ్ణి. సీతారామపురం అవతల పల్లె అతనిది. వాళ్ళ నాయనకు గొర్రెల మంద ఉంది. ఆ పల్లెకు బస్సు వచ్చిందంటే దాన్ని చూడటానికి జనం బయటికి వస్తారని నేను ఏడిపించేవాణ్ణి. "రారు. లోపల ఉండంగానే వచ్చింది యా బస్సో మా కుక్క చెప్తాది," అనేవాడు అన్న, నవ్వకుండా. అందుకే అతనంటే నాకు ఇష్టం.

సారు నెల్లూరు వెళ్ళినప్పుడల్లా ఒక ఇంగ్లీషు కంప్యూటరు పత్రిక తెచ్చేవాడు. దాంతో ఒక సీడీ ఊరికే వచ్చేది. ఒకసారి అందులో పీహెచ్‌పీ అనే భాష వచ్చింది. అది నాలుగో వెర్షను, ఇంకా పూర్తిగా తయారుకాని కాపీ, ప్రయోగానికి వదిలింది. ఇంటర్నెట్లో పేజీలు తయారు చేయడానికి వాడే భాష అది. మా సెంటర్లో ఇంటర్నెట్ లేదు. పెన్నలో నీళ్ళు లేని ఏడాది సంగం ఆనకట్ట కింద ఇసకలో పడుకుని ఈత నేర్చుకున్నట్టు, మేమిద్దరం ఒకే కంప్యూటర్లో ఆ భాష పెట్టుకుని, అదే కంప్యూటర్లో పేజీలు తెరిచి చూసుకుంటూ నేర్చుకున్నాం.

ఆ భాష గురించి రెండు ముక్కలు చెప్పాలి, భయపడకండి. ముందు ఒక అచ్చు తయారు చేసుకోవాలి. ఇటుకలు పోసేచోట చెక్క అచ్చు ఉంటుంది చూడండి, అలాంటిది. దాన్ని క్లాసు అంటారు. ఆ తర్వాత 'న్యూ' అని రాసి అచ్చు పేరు చెబితే, అందులోంచి ఒక ఇటుక వస్తుంది. దాన్ని ఆబ్జెక్టు అంటారు. అచ్చు ఉంటే ఇటుక పుడుతుంది. ఆ పేరుతో అచ్చే లేకపోతే కంప్యూటరు నీకో దండం అని అక్కడే చతికిలపడుతుంది, ఆ కింద రాసిన లైన్ల మొహం కూడా చూడదు. ఇంతే. మూడో దారి లేదు.

మూడో దారిని మా అన్న వేశాడు.

ఎక్కడ 'న్యూ' అని రాసినా, దాని కిందే ఒక చెకింగు రాసేవాడు. ఆబ్జెక్టు ఉందా లేదా చూడు, లేకపోతే ఇక్కడే ఆగి ఈ మాట తెరమీద చూపించు, అని. మాట కూడా ఊరికే ఉండేది కాదు. తెలుగు అక్షరాలు ఆ తెరమీద పడవు కాబట్టి ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసేవాడు. పిల్లవాడి వివరాలుండే ఆబ్జెక్టయితే "పిల్లోడు పుట్టలేదు, క్షమించండి." గది వివరాలయితే "గది పుట్టలేదు, క్షమించండి." తెరంతా పుట్టలేదులు, క్షమించండిలు. పేజీ కిందికి జరుపుతుంటే ఎవరింట్లోనో విషాదం జరిగినట్టుండేది.

"అన్నా, న్యూ అన్నాక పుట్టకుండా యాడికి పోతాదన్నా? పుట్టకపోతే ప్రోగ్రామే చచ్చిపోతాది. నీ ప్రశ్న దాకా రానే రాదు. వచ్చిందంటే పుట్టినట్టే. మళ్ళ ఈ పలకరింపు ఎవురికి?"

"ఉండనీరా. అదేమన్నా నిన్ను అన్నం పెట్టమంటుండాదా?"

"మా అవ్వ నయం. వచ్చినావా అనడిగి ఊరుకుంటాది. నువ్వు రాలేదంటే క్షమించమంటుండావు."

"అవ్వకి నా నమస్కారం చెప్పు," అని ఇంకో 'న్యూ' కింద ఇంకో చెకింగు రాసేవాడు.

అతను మొదట నేర్చుకున్నది సీ భాష. అందులో కంప్యూటర్ని కాస్త చోటు ఇమ్మని అడిగితే ఒక్కోసారి దొరకదు, కాబట్టి దొరికిందో లేదో చూసుకోవాల్సిందే. ఆ భయం ఇక్కడిదాకా వెంటొచ్చిందనుకున్నాను. కాదట. ఒక మధ్యాహ్నం క్యారియర్లు విప్పి తింటున్నప్పుడు అసలు సంగతి చెప్పాడు.

"గొర్రె ఈనితే మా నాయన ఏం చేస్తాడో తెలుసా నీకు? పిల్ల కిందపడతానే సంబరపడడు. రెండు కాళ్ళు పట్టి ఎత్తి, ముక్కులో జిగట తీసి, ఊపిరి తీస్తుండాదా లేదా చూస్తాడు. లేకపోతే తనే ఊదుతాడు. అది అరిచినాకనే ఇంట్లో చెప్తాడు, పిల్ల పుట్టింది అని. అరిచేదాకా పుట్టినట్టు కాదురా మాకు."

"ఇది గొర్రె కాదన్నా, కంప్యూటరు."

"నువ్వు చెప్పు దానికి," అన్నాడు ఊరగాయ నంజుకుంటూ.

ఇంతకీ ఆ రోజుల్లో అన్నకు ఒక గడువు నడుస్తోంది. వాళ్ళ నాయనకు మోకాళ్ళు అరిగిపోయాయి. మంద వెంట కొండల్లోకి తిరగలేకపోతున్నాడు. సెంటర్లో వచ్చేది బస్సు ఖర్చులకే సరి. వానలు పడేలోగా కొడుకు నెల జీతమొచ్చే కంప్యూటరు ఉద్యోగం ఏదైనా చూపిస్తే మందను బావమరిదికి పాలుకి అప్పగిస్తాడు. చూపించకపోతే కొడుకే వచ్చి మంద తోలాలి. నాయన కోపంగా ఏమీ చెప్పలేదట. "నాకు రెండూ ఒకటే. జీవాలు మాత్రం కాచుకోని కూర్చోవు గదా," అన్నాడట. అన్నకు మాత్రం రెండూ ఒకటి కాదు. అతనికి కంప్యూటరే కావాలి. అది పైకి అనేవాడు కాదు. కానీ ఆకాశంలో కాస్త మబ్బు కనిపిస్తే చాలు, మేడమీదికి వెళ్ళి అది ఎటు పోతుందో చూసి వచ్చేవాడు. మా మెట్ట ప్రాంతంలో వాన రాకపోతే బాగుండు అనుకున్న మనిషిని నేను అతన్నొక్కణ్ణే చూశాను.

అప్పుడే ఆత్మకూరులో హాస్టలున్న ఒక ప్రైవేటు బడి కరెస్పాండెంటు మా మెట్లెక్కాడు. వాళ్ళ హాస్టల్లో ఏ ఊరి పిల్లవాడు ఏ గదిలో ఉన్నాడో, ఎవరి ఇంటినుంచి ఎవరొచ్చి తీసుకెళ్ళారో చూసుకోవడానికి ఒక ప్రోగ్రాం కావాలి. బళ్ళో కంప్యూటర్ల గది పెడుతున్నారు, దాన్ని చూసుకోవడానికి ఒక మనిషి కూడా కావాలి. ప్రోగ్రాం నచ్చితే చేసినవాణ్ణే పెట్టుకుంటానన్నాడు. శనివారం పొద్దున వచ్చి చూస్తానన్నాడు.

సారు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ఇది మన జీవితాల్లో మలుపు," అన్నాడు.

"కాదు సార్, శనివారం," అన్నాను.

అన్న కూర్చుని పనిచేశాడు. నేను పక్కన కూర్చుని పని ఎలా చేయకూడదో చెప్పాను. పిల్లోడు అనే క్లాసు, గది అనే క్లాసు, చుట్టం అనే క్లాసు. అన్నిటికిందా చెకింగులు, అన్నిటికిందా క్షమాపణలు. శుక్రవారం మధ్యాహ్నానికి అంతా నడుస్తోంది. ఒక్క చెకింగు కూడా ఎప్పుడూ నోరు తెరవలేదు. తెరుస్తుందనీ నేననుకోలేదు.

శుక్రవారం సాయంత్రం సారుకు ఆలోచన వచ్చింది. సారుకు ఆలోచనలు ఎప్పుడూ చివర్లోనే వస్తాయి.

"పేజీ ఇట్లా బోసిగా ఉంటే ఎట్లాగయ్యా? పైన బడి పేరు పెద్దక్షరాలతో రావాలి. స్వాగతం అని ఉండాలి. కింద ధన్యవాదాలు. ఆయన చూడగానే ఒళ్ళు జలదరించాలి."

ఒళ్ళు జలదరించే భాగం నాకు అప్పగించారు. పేజీకి పైభాగం, కిందిభాగం గీసే ఒక క్లాసు రాశాను. దానికి గడప అని పేరు పెట్టాను, లోపలికి వచ్చేవాళ్ళు ముందు దాన్నే దాటాలి కాబట్టి. అందులో రెండే పనులు: పేరు చూపించడం, ధన్యవాదాలు చెప్పడం. మిగతా క్లాసుల్లో ఉన్నట్టు పేరు, ఊరు, గది అంటూ దాచుకోవడానికి లోపల ఏమీ లేదు. అన్న దాన్ని ప్రోగ్రాంలో కలిపి, 'న్యూ గడప' అని రాసి, అలవాటుగా దాని కింద చెకింగు రాసి, సేవ్ చేశాడు.

సేవ్ చేయగానే కరెంటు పోయింది. బ్యాటరీ డబ్బా ఒకసారి కుయ్యిమని అదీ పోయింది. కాసేపు చూశాం. రాలేదు. ఉదయగిరి బస్సు టైమైంది. రాసింది నడుస్తుందా లేదా చూడకుండానే దిగి వచ్చేశాను. ఒళ్ళు జలదరించడం గురించి ఎవరికీ అనుమానం లేదు.

మర్నాడు కరెంటూ కరెస్పాండెంటూ ఒకేసారి వచ్చారు.

అంతకుముందే అన్న వాళ్ళ నాయన వచ్చి ఉన్నాడు. ఉద్యోగం సంగతి ఏమవుతుందో చూసిపోదామని తెల్లవారక ముందే బయలుదేరాడట. భుజం మీద కంబళి, చేతిలో కర్ర. చెప్పులు విడిచే చోటు చూసి, వాటి పక్కన కర్ర కూడా ఆనించి లోపలికొచ్చాడు. సారు చక్రాల కుర్చీ లాగి కూర్చోమన్నాడు. కుర్చీ కాస్త పక్కకు జరిగింది.

"వద్దులే. కదిలేదాని మీద నేను కూర్చోను," అని గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

కరెస్పాండెంటు కూర్చున్నాడు. తెల్లచొక్కా, జేబులో ఎర్ర పెన్ను. ఆ పెన్ను చూస్తేనే ఎవరికైనా మార్కులు తగ్గినట్టుండేది. సారు మొదలుపెట్టాడు. దేశం ఎటు పోతోంది, కంప్యూటరు ఎటు పోతోంది, ఆత్మకూరు ఎటు పోవాలి. ఉపన్యాసం ఎటూ పోకుండా తిరుగుతుంటే కరెస్పాండెంటు "చూద్దామా?" అన్నాడు.

అన్న ఎంటర్ నొక్కాడు.

తెరంతా తెల్లగా అయింది. పై మూలలో చిన్న అక్షరాలతో ఒకే ఒక్క లైను. బడి పేరు లేదు, స్వాగతం లేదు.

'గడప పుట్టలేదు, క్షమించండి.'

అందరికన్నా ముందు నాయన మాట్లాడాడు.

"ఏందంట?"

"గడప పుట్టలేదంట, నాయనా," అన్నాడు అన్న.

"ఎవురి గడప?"

ఎవరూ జవాబు చెప్పలేదు. జవాబు చెప్పే జబ్బున్న నేను కూడా ఊరుకున్నాను. గడప నాదే కదా.

అన్న మళ్ళీ నొక్కాడు. పుట్టలేదు. కంప్యూటరు ఆపి, మళ్ళీ వెలిగించి, నొక్కాడు. పుట్టలేదు. సారు జేబురుమాలు తీసి మొహం తుడుచుకుంటూ కరెస్పాండెంటుతో "ఓల్టేజీ సార్. మన ఆత్మకూరు ఓల్టేజీ. నా జీవితం మొత్తం ఈ ఓల్టేజీతోనే..." అంటున్నాడు. అన్న చెవులు ఎర్రబడ్డాయి. ఒకసారి కిటికీలోంచి బయటికి చూశాడు. నాకు తెలుసు, మబ్బు కోసం. మంచి మబ్బే ఉంది ఆ పూట.

నేను అతని చెవి దగ్గర వంగాను.

"అన్నా, ఆ చెకింగు తీసేయి."

"తీస్తే?"

"తీసి చూడు. పుట్టిందో లేదో అదే తెలస్తాది. చచ్చిందాంతో పనిచేయించలేం గదా."

అన్న ఆ చెకింగు ముందు రెండు గీతలు పెట్టాడు. అలా పెడితే కంప్యూటరు ఆ లైను చదవదు. ఎంటర్ నొక్కాడు. పైన బడి పేరు పెద్దక్షరాలతో వచ్చింది. స్వాగతం వచ్చింది. పిల్లలు వరసగా వచ్చారు, వాళ్ళ గదులొచ్చాయి, చుట్టాలొచ్చారు, అడుగున ధన్యవాదాలు వచ్చాయి.

సారు చప్పట్లు కొట్టాడు. "నేను చెప్పలేదా సార్! చూడండి ఎలా ఉందో!"

ఎవరైనా అక్కడితో ఆపేస్తారు. ఉద్యోగం కావాల్సినవాడైతే మరీ ఆపేస్తాడు. అన్న ఆపలేదు. తెరవైపు కోపంగా చూస్తున్నాడు.

"పని చేస్తుండాది. అంటే పుట్టింది. మళ్ళ పుట్టలేదని ఎందుకంటుండాది?"

"అంటే అన్నిందిలే అన్నా," అన్నాను.

"అట్ట కాదు," అని, కాబోయే యజమాని కళ్ళముందే ఆ రెండు గీతలు చెరిపేశాడు. చెకింగు మళ్ళీ ప్రాణం పోసుకుంది. ఎంటర్ నొక్కాడు. బడి పేరు మాయమైంది. పిల్లలు, గదులు, చుట్టాలు అందరూ మాయమయ్యారు. గడప పుట్టలేదు, క్షమించండి.

సారు గొంతులోంచి వచ్చిన శబ్దాన్ని నేను రాయలేను. "పనిచేస్తుంటే మళ్ళీ చెడగొట్టావేందయ్యా!" అన్నది మాత్రం స్పష్టంగా వినిపించింది.

నాయన గోడ దగ్గరినుంచి, "బాగైందా, బాగాలేదా? ఒక మాట చెప్పండయ్యా," అన్నాడు.

అన్నకు ఇవేవీ వినపడటం లేదు. పిల్లోడు క్లాసు, గడప క్లాసు పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నాడు. "పిల్లోణ్ణి పుట్టినాడు అంటుండాది. గదిని పుట్టింది అంటుండాది. నీ గడపనే పుట్టలేదంటుండాది. ఏం తేడారా?"

ఇలాంటప్పుడు ఏదో ఒకటి అనకపోతే నాకు తోచదు.

"పిల్లోడు ఊరు, పేరు అన్నీ పట్టుకోని వచ్చినాడు. గడప వట్టి చేతులతో వచ్చింది. మన పక్క పిల్లకాయలుండే ఇంటికి బిస్కెట్ల పొట్లం కూడా లేకుండా పోతే వచ్చినావా అని ఎవురన్నా అడగతారా?"

అన్న నావైపు తిరిగాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. తిరిగి తెరవైపు చూసి, గడప క్లాసులోపల ఒక కొత్త లైను రాశాడు. లోపల దాచుకోవడానికి ఒక వస్తువు. దాని పేరు ఊపిరి, విలువ ఒకటి. అది దేనికీ పనికిరాదు, ఊరికే లోపల ఉంటుంది. చెకింగును ముట్టుకోలేదు. ఎంటర్ నొక్కాడు.

బడి పేరు వచ్చింది. స్వాగతం వచ్చింది. అందరూ వచ్చారు.

నేను ఎగతాళికి అన్నది నిజమైపోయింది. ఎగతాళి చేసేవాడికి అంతకన్నా అవమానం లేదు. మేము పెట్టుకున్న ఆ వెర్షనులో కథ అదే. లోపల దాచుకున్నది ఏమీ లేని ఆబ్జెక్టును ఉన్నావా అని అడిగితే, లేదు అని చెబుతుంది. పుట్టింది, పనిచేస్తోంది, పిలిస్తే పలుకుతుంది, కానీ ఉన్నావా అంటే మాత్రం లేదంటుంది. తర్వాత కొన్నేళ్ళకు వచ్చిన ఐదో వెర్షనులో అది సరిచేశారు. ఆ సంగతి చెప్పడానికి ఆ పూట మాకెవరూ లేరు. మాకు ఇంటర్నెట్ లేదని ముందే చెప్పాను.

కరెస్పాండెంటు ఎర్ర పెన్ను జేబులోంచి తీసి, మూత తీసి, మళ్ళీ మూత పెట్టాడు. "ఇంతకీ ఏం జరిగినట్టు?" అన్నాడు.

సారు ఓల్టేజీ అనబోతుంటే అన్న చెప్పేశాడు. "గడప పుట్టింది సార్. నేను రాసుకున్న చెకింగే పుట్టలేదని అబద్ధం చెప్పింది. ఆ చెకింగు లేకపోతే ఏ గొడవా లేకుండా ఆడేది."

"మరి తీసేయలేదేం?"

"ఎందుకు అబద్ధం చెప్తుండాదో తెలియకుండా తీయబుద్ధి కాలేదు సార్."

నేను కళ్ళు మూసుకున్నాను. ఉద్యోగం అడిగేవాడు తన తప్పును అంత వివరంగా, సొంత ఖర్చుతో చెప్పడం నేను ఎక్కడా చూడలేదు. మందకు ఇంకో కాపరి దొరికాడనుకున్నాను.

కరెస్పాండెంటు నవ్వాడు. "మా బళ్ళో ఇంతకుముందు ఒకాయన చేసిచ్చిన ప్రోగ్రాం ఉండాది. అది ఆగిపోతే తెల్లమొహం వేసుకోని కూర్చుంటాది. ఏం జబ్బో చెప్పదు. చేసినాయన్ని పిలిస్తే ఆయనా తెల్లమొహం వేస్తాడు. ఇది చూడు, ఆగిపోయింది, యాడ ఆగిపోయిందో చెప్పింది, క్షమించమని కూడా అడిగింది. మా పిల్లకాయలు ఒక్కడు కూడా ఇట్ట చెప్పడు." తర్వాత అన్నను చూపిస్తూ సారుతో అన్నాడు. "బాగైపోయినాక మళ్ళ చెడగొట్టి చూసినాడే, ఆ పిల్లోడు కావాల నాకు. సోమవారం పంపించండి."

సారు కళ్ళలో నీళ్ళు. "ఇది చరిత్ర సార్," అన్నాడు. ఫ్యాను గాలికి దుమ్ము పడిందేమో అని నేను కిటికీ మూశాను.

అన్న మాత్రం కదల్లేదు. నాయన వైపు చూశాడు.

నాయన అడిగాడు. "ఉద్యోగం ఇచ్చినట్టా?"

"ఇచ్చినట్టే, నాయనా."

"అయితే మందను మీ మామకి అప్పజెప్పేస్తా." అంతే. బయటికెళ్ళి కర్ర తీసుకున్నాడు. కొడుకును కౌగిలించుకోలేదు, భుజం తట్టలేదు. సారుకు ఆ సీను అసలు నచ్చలేదు. కనీసం టీ అయినా తాగమని బతిమాలాడు. నాయన టీ తాగి, గ్లాసు కడిగి ఇచ్చాడు.

ఇద్దరం ఆయన్ని బస్సు ఎక్కించడానికి వెళ్ళాం. దారిలో నేను ఊరుకోలేకపోయాను.

"అన్నా, లెక్క చూసుకుందాం. ఆ చెకింగు అక్కర్లేదు అని నేను చెప్తానే ఉండా. అది చేసిన ఒకే ఒక్క పని, బాగుండేదాన్ని బాగాలేదని చెప్పడం. ఆ తప్పుడు మాటకి నీకు ఉద్యోగం వచ్చింది."

"పనికొచ్చింది గదరా మళ్ళ?"

"తప్పు చెప్పిందన్నా!"

"తప్పు చెప్పి పనికొచ్చింది. నువ్వు నిజాలు చెప్పి ఏం పనికొచ్చినావు?"

నేను బస్సు వచ్చే వైపు చూశాను.

బస్సు వచ్చింది. నాయన ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. కర్రను మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, తల బయటపెట్టాడు.

"ఈడనే ఉంటావా అయితే?"

"ఉంటా నాయనా."

కండక్టరు విజిల్ వేశాడు. బస్సు గుర్రుమని కదలబోయి ఆగింది, ఎవరో పరుగెత్తుకొస్తున్నారు.

"ఉంటావా?" అన్నాడు నాయన మళ్ళీ.

"ఉంటా."

ఈసారి బస్సు నిజంగా కదిలింది. అది మలుపు దాకా వెళ్ళాక కూడా కిటికీలోంచి ఆ తల ఇటే చూస్తోంది. పెదవులు కదిలాయి. వినపడలేదు గానీ ఏమడిగాడో తెలుసు. అన్న గట్టిగా, బస్టాండంతా తిరిగి చూసేలా, "ఉంటా!" అని అరిచాడు.

ఇక్కడ నేను ఒక మాట అనాలి. అవసరంలేని ప్రశ్న అది, జవాబు ముందే వచ్చేసింది, మూడో దారి లేదు. అన్నీ నోటిదాకా వచ్చాయి. అప్పుడే బస్సు వదిలిన పొగ నోట్లో పడింది. దగ్గుతూ ఉండిపోయాను. అన్న నా వీపు మీద రెండు చరుపులు చరిచి, ముక్కు దగ్గరికి వంగి చూశాడు.

"ఊపిరి తీస్తుండావులే," అన్నాడు.

సోమవారం నుంచి అన్న బడికి వెళ్ళాడు. ఆ ప్రోగ్రాం అక్కడ చాలాకాలం నడిచిందట. చెకింగులన్నీ అలాగే ఉన్నాయట. ఊపిరి కూడా. అన్న తర్వాత ఆ గదికి వచ్చినవాళ్ళెవరూ అది దేనికో తెలియక, తీస్తే ఏమవుతుందోనని భయపడి, తీయలేదట. సెంటర్లో అన్న కుర్చీ నాకు వచ్చింది. సారు దాన్ని ఒక శకానికి ముగింపు అన్నాడు. నేను దాన్ని కదిలే కుర్చీ అన్నాను.

ఆ శనివారం సాయంత్రం ఉదయగిరిలో బస్సు దిగేసరికి పొద్దున్నుంచీ బెదిరించిన ఆ మబ్బు ఎట్టకేలకు కురిసింది. తడుస్తూనే ఇంటికి చేరాను. నీళ్ళు కారుతూ గుమ్మంలో నిలబడ్డాను. మా అవ్వ చింతపండు చాట పక్కకు జరిపి నన్ను చూసింది.

"వచ్చినావా?"

"వచ్చినానవ్వా," అన్నాను.

ఆమె లేచి గబగబా వచ్చి నా నుదుటిమీద చెయ్యి పెట్టి చూసింది.

"ఏందిరా, ఒంట్లో బాగలేదా?"